పీహెచ్‌పీకి పేరుబలం చూసిన రోజు

మీరు వాడుతున్న సర్వర్ భాషను మీరే పరీక్షించి ఎంచుకున్నారా, లేక ఎవరో వీడియోలో అరిస్తే నమ్మేశారా? కోపం తెచ్చుకోకండి. నేనూ నమ్మేసినవాణ్ణే.

మండపేట దగ్గర మా అక్కకు ఒక వరికోత మిషను ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలొచ్చాయంటే రైతులందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. కిందటేడు ఆ హడావిడిలో ఒకే పొద్దుటి వంతు ఇద్దరికి చెప్పేసింది. ఒకాయన చేను కోస్తుండగానే రెండో ఆయన చేను వానకు నేలకొరిగింది. ఆయనకు మొహం చూపించలేక అక్క వారం రోజులు వీధి వైపు కిటికీ తెరవలేదు. అందుకే రైతు ఫోన్‌లోనే వంతు ఎంచుకునే వెబ్ పేజీ కావాలంది. కోతలకు పది రోజులే ఉన్నాయి.

రాజమండ్రిలో ప్రోగ్రామింగ్ చేసే నేను, సర్వర్ మీద జావాస్క్రిప్ట్ భాషను నడిపే నోడ్‌లో రాస్తానన్నాను. స్కూల్లో కంప్యూటర్లు చెప్పే బావ పీహెచ్‌పీ భాషే మేలన్నాడు. వాదన ముదిరి, బావ తిన్నగా జాతకాలు చూసే పంతులుగారి దగ్గరికి వెళ్లాడు. ఆ ఊళ్లో దుకాణానికైనా లారీకైనా పేరుబలం చూపించందే బోర్డు రాయించరు. ఆయన అక్క నక్షత్రం చూసి, "ప అక్షరం దివ్యంగా ఉందండి. న కొంచెం ఇబ్బంది" అన్నారట.

నాకు ఒళ్లు మండింది. "సర్వర్‌కు నక్షత్రమేంటి బావా? ప అయితే పైథాన్ భాష కూడా ఉందిగా, దానికి ఏ గ్రహం అడ్డొచ్చింది?" అంటూ పెరట్లో నిలబడి ఉపన్యాసం దంచాను.

పెరటి పొయ్యి దగ్గర అక్క గరిటె ఆపింది. "ఒరేయ్, నీ నోడ్ గొప్పదని నీకెలా తెలుసు? కొలిచావా?"

"అందరూ అంటున్నారక్కా."

"పంతులుగారి గురించీ అందరూ అలాగే అంటారు."

బావ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. నేనూ నవ్వేశాను. పేజీ నడవాల్సిన పద్ధతి కాగితం మీద గీశాను. దాన్ని చూసి నేను నోడ్‌లో, బావ పీహెచ్‌పీలో రాశాం.

ఆదివారం రైస్ మిల్లు వాకిట్లో ఇరవై మంది రైతులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. రెండెకరాలున్న పంతులుగారూ వచ్చారు. అందరూ ఒకే వంతు నొక్కాలి, ఒక్కరికే రావాలి. అక్క "ఒకటి, రెండు, మూడు!" అంది.

ముందు నోడ్. "నాకొచ్చిందండీ!" "నాకూనండీ!" నలుగురు చేతులెత్తారు. బావ గంతేశాడు. తర్వాత పీహెచ్‌పీ. ఇద్దరు చేతులెత్తారు. ఒకరు పంతులుగారు. రెండో ఆయన కిందటేడు వానకు పంట పోగొట్టుకున్న రైతు. "ఈసారీ నేనేనా అండీ?" అన్నాడాయన. వాకిలంతా ఘొల్లుమంది. నవ్వనిది అక్క ఒక్కతే.

తప్పు భాషలది కాదు, నా కాగితానిది. వంతు ఖాళీగా ఉందా అని చూడటం ఒక మెట్టు, పేరు రాయడం ఇంకో మెట్టుగా గీశాను. ఆ సందులో ఎంతమందైనా దూరతారు. ఒక వంతుకు ఒకే పేరు అనే కట్టడిని పేర్లు దాచే డేటాబేస్‌లోనే పెట్టి మళ్లీ నొక్కించాం. రెండు భాషల్లోనూ ఒక్కొక్క చెయ్యే లేచింది. వేగంలో తేడా ఎవరి కంటికీ ఆనలేదు. అక్క ఈల వేసింది! తను ఈల వేయగలదని నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి పీహెచ్‌పీనే ఉంచాం. కోతల మధ్య పేజీ ఆగిపోతే బాగుచేయాల్సింది అక్కడుండే బావ, ఆయనకు వచ్చింది అదే. "ప అని చెప్పాను కదండీ" అన్నారు పంతులుగారు. నేను నోరు తెరిచేలోగా అక్క కళ్లురిమింది.

మీ భాష గొప్పదని నాతో వాదించకండి. ఈ ఆదివారం ఒకే పేజీని రెండు భాషల్లో రాయండి, ఇరవై మంది చేత ఒకేసారి నొక్కించండి, లేచిన చేతులు లెక్కపెట్టండి. ఆ తర్వాత రండి.