ఖాతాదారు స్వయంగా అడగాలి

పోయిన వారం కూకట్‌పల్లిలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, కళ్లలో మందు చుక్కలు వేసి, పిలిచేదాకా కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. ఎదురుగా గోడకు టీవీ నడుస్తోంది. చూడటానికి లేదు కనుక వినడమే పనైంది. ఆన్‌లైన్ పోకర్ మీద చర్చ. అది తెలివితో ఆడే ఆట అని ఒకాయన, కాదు శుద్ధ జూదమని ఒకావిడ, నిషేధిస్తే దొంగచాటు సైట్లు పెరుగుతాయి, లైసెన్సులిచ్చి అదుపులో పెట్టడమే మేలని మరో గొంతు. ఆ మూడో గొంతు ఒక వాక్యం ముగించకముందే తర్వాతి వాక్యం ఏమిటో నాకు తెలిసిపోతోంది. తెలియక ఏం, ఏళ్ల కిందట ఇంచుమించు అవే మాటలు కాగితం చూసి నలుగురి ముందు చదివినదాన్ని నేను. ఎందుకో ఒళ్లంతా అలసటగా అనిపించింది.

నేను ఉద్యోగంలో చేరిందే ఆలస్యంగా. మా ఆయన నడుము దెబ్బతిని డ్రైవింగ్ మానుకున్నాక, నలభై దాటిన వయసులో, మెడలో ఐడీ కార్డు వేసుకుని మాదాపూర్‌లో అద్దాల మేడ ఎక్కాను. అప్పటికి నా ఈడు ఆడవాళ్లు ఆ మేడల్లో కనిపించేది చీపురుతోనో, టీ కప్పులతోనో. నాకు కుర్చీ దొరికింది నా నోటి పుణ్యాన. గోపన్‌పల్లిలో పుట్టి పెరిగిన భాష ఒకటి, పెళ్లయ్యాక కూకట్‌పల్లిలో కోస్తా వాళ్ల మధ్య కాపురముండి నేర్చిన భాష ఒకటి, రెండూ పలకగలనని ఒక ఆన్‌లైన్ పేకాట కంపెనీ కస్టమర్ కేర్‌లో పెట్టుకున్నారు. పాస్‌వర్డ్ మరిచిపోయిన వాళ్లకు, ఆట మధ్యలో నెట్ పోయిన వాళ్లకు చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని జవాబు చెప్పడం పని. మా మేనేజరు విశాఖ వైపు అబ్బాయి, నాకంటే పదిహేనేళ్లు చిన్న, కోపమొచ్చినా అండీ అనడం మానేవాడు కాదు. మొదటి జీతంతో మా ఆయనకు నడుము పట్టీ, నాకొక టిఫిన్ క్యారేజీ కొనుక్కుని రాణిలా ఇంటికి వచ్చాను.

ఆడేవాళ్లు ఫోన్ చేస్తే సులువే. వాళ్ల ఇంటి ఆడవాళ్లు చేస్తేనే కష్టం. మా ఆయన ఖాతా మూసెయ్యండమ్మా అని బతిమాలేవాళ్లు. ఎవరి ఆటను వాళ్లే కొన్నాళ్లు ఆపించుకోవడానికి మా దగ్గర ఒక ఫారం ఉండేది గాని, ఇంకొకరు అడిగితే చెల్లదు. "ఖాతాదారు స్వయంగా అడగాలమ్మా" అని చెప్పాలి. ఆ మాటను నేను ఎంత మృదువుగా చెప్పేదాన్నంటే, కొత్తగా చేరిన పిల్లలకు నా రికార్డింగులు వినిపించి నేర్పేవారు.

ఇంతలో అది మా ఇంటికే వచ్చింది. మా అక్క భర్త, బావ, గోపన్‌పల్లి దగ్గర ఒక పెద్ద ఆఫీసు భవనంలో ఎలక్ట్రీషియన్. నాకు చిన్నప్పుడు సైకిల్ నేర్పింది ఆయనే, ఒక్క రోజూ విసుక్కోలేదు. జ్ఞాపకశక్తి అంటే ఆయనదే, పదేళ్ల కింద బిగించిన బోర్డులో ఏ వైరు ఎటు పోయిందో చూడకుండా చెప్పేవాడు. ఆ భవనంలోని కుర్ర ఇంజనీర్లను చూసి, మా కంపెనీ యాప్‌లోనే పోకర్ నేర్చుకున్నాడు. అబద్ధమెందుకు, నిజంగానే బాగా ఆడేవాడు, మొదట్లో గెలిచేవాడు కూడా. తెలివితో ఆడే ఆట అని టీవీలో అన్న మాట మా బావ విషయంలో అక్షరాలా నిజం. కానీ తెలివికీ అలసట ఉంటుంది కదా. ఓడిన రోజు ఆయన ఆట ముందు నుంచి లేచేవాడు కాదు. అన్నం ముందు ఫోను, మెట్ల మీద ఫోను, డ్యూటీలో ఫోను. చివరికి ఫీజు డబ్బులు కూడా అందులోనే పోయి, వాళ్ల బిడ్డ డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపి, షాపింగ్ మాల్‌లో బిల్లింగు కౌంటర్ దగ్గర నిలబడింది.

అది జరిగిన మర్నాడే అక్క మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నువ్వు ఆ కంపెనీలనే ఉంటివి గద చెల్లె. జర ఆయన ఆట బంద్ చెయ్యి. నీకు ఒక్క బటన్ పని."

నా నోటికి అలవాటైన ఆ వాక్యమే వచ్చింది. అక్క నన్నొకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వారం రోజులు ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, చెయ్యకూడని పనే, బావ ఖాతా తెరిచి ఆయన పేరుతో నేనే ఆ ఫారం నింపాను. రెండో రోజు బావ మా ఆఫీసుకే ఫోన్ చేశాడు, నా ఆట ఎందుకు బంద్ జేసిండ్రు, నేనెప్పుడు అడిగిన అని. ఫారం ఎవరి కంప్యూటర్ నుంచి వెళ్లిందో తెలుసుకోవడానికి వాళ్లకు గంట కూడా పట్టలేదు.

మేనేజరు గదిలోకి పిలిచాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆ అబ్బాయి మంచినీళ్లు నా వైపు జరిపి, "మీ బాధ నాకర్థమైందండీ. కానీ రేపు గొడవపడ్డ అన్నదమ్ములెవరో ఒకరి పేరు మీద ఒకరు ఇలాగే రాయిస్తే మనమేం చేస్తామండీ?" అన్నాడు. బావ ఖాతా మళ్లీ తెరిచారు. నన్ను మాత్రం తీసెయ్యలేదు.

ఆ నెలలోనే, ఈ ఆటల్ని నిషేధించాలా, నియంత్రించాలా అని కొందరు లాయర్లు ఒక హాల్లో చర్చ పెట్టారు. కంపెనీ తరఫున మాట్లాడటానికి ఇంటావిడలా కనిపించే మనిషి కావాలన్నారు, నన్ను పంపారు. చేతిలో టైపు చేసిన కాగితం. ఇంటివాళ్లు అడిగినా ఆట ఆపించే వీలుండాలి అన్న మాట ఒకటి చివర్లో సొంతంగా చెప్పాలని దారంతా మనసులో కూర్చుకున్నాను. మైకు ముందు నిలబడ్డాక కాగితంలో ఉన్నది చదివాను. హద్దులు పెడతాం, సాయం చేస్తాం, లైసెన్సులివ్వండి అని. చప్పట్లు కొట్టారు. నా మాట చెప్పకుండానే వచ్చి కూర్చున్నాను.

నా తర్వాత ఒకామె లేచింది. ముఖం ఎన్నడూ చూడలేదు గాని, గొంతు వినగానే గుర్తుపట్టాను.

"నేను మూడుమాట్ల ఫోన్ జేసిన సార్. ఒకామె మస్తు మర్యాదగ మాట్లాడింది. ఖాతాదారు స్వయంగా అడగాలమ్మా అన్నది. ఆయన స్వయంగ అడిగేటోడైతే నేనెందుకు ఫోన్ జేస్త?"

హాల్లో కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా పక్క వరుసలోనే కూర్చుంది, ఆ ఒకామెను నేనేనని ఆమెకు తెలియదు.

సాయంత్రం లోకల్ ఛానల్లో ఆ సభ చూపించారట. అక్క ఫోన్ చేసి, "టీవీల చూసిన. మంచిగ మాట్లాడినవ్" అని పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

తర్వాత మా రాష్ట్రంలో నిషేధం వచ్చింది. మా అంతస్తు ఖాళీ అయింది, ఎవరి టిఫిన్ క్యారేజీ వాళ్లు పట్టుకుని దిగిపోయాం. నాకు ఉద్యోగం పోయిందన్న దిగులు, అక్కకు ఇల్లు నిలబడిందన్న సంతోషం, ఒకే రోజు. ఆ సంతోషం ఎన్నో రోజులు ఉండలేదు. బావ ఎక్కడిదో పేరు తెలియని యాప్ పట్టాడు. అందులో కస్టమర్ కేర్ ఉందా బావా అని అడిగితే, "దాంట్ల ఫోన్ నంబరే లేదు. అడిగేటోడు లేడు, చెప్పేటోడు లేడు" అన్నాడు. గొప్పగా కాదు, నీరసంగా అన్నాడు.

ఆయన ఆట మానింది చట్టంతోనూ కాదు, నా ఫారంతోనూ కాదు. ఒకనాడు ఆ భవనంలో లిఫ్టు ఆగిపోయింది. లోపల నిండు గర్భిణి. బావ ఫోను ఆటలో ఉంది, పిలుపు వచ్చినా ఎత్తలేదు. ఆయన పరుగున వెళ్లి తలుపు తీసేసరికి ముప్పావుగంట అయింది. ఆ పిల్ల క్షేమంగానే బయటికి వచ్చింది, పైగా థాంక్స్ అంకుల్ అందట. ఆ మాటే ఆయన్ని కూల్చింది. ఇంటికి వచ్చి ఫోను అక్క చేతిలో పెట్టి, ఇగ నాకియ్యకు అన్నాడు. ఉద్యోగం మాత్రం నిలవలేదు. ఇప్పుడు ఒక స్కూల్లో చిన్న పనులు చేస్తాడు. బిడ్డ చదువు అక్కడే ఆగింది, ఆ కౌంటర్ దగ్గరే సూపర్‌వైజర్ అయింది.

ఎవరిది తప్పని ఎవరైనా నన్నడిగితే చెప్పలేను. మేనేజరు చెప్పిందీ నిజమే, హాల్లో ఆమె అడిగిందీ నిజమే. ఒకప్పుడు నాకు అన్నిటికీ ఒక అభిప్రాయం ఉండేది. పిల్లను ఏ కాలేజీలో వెయ్యాలన్నా, కొత్త కుక్కర్ ఏది కొనాలన్నా అక్క ముందు నాకే ఫోన్ చేసేది, నేను చెప్పిందే వేదం. ఇప్పటికీ మేం కలుస్తాం. నాకిష్టమని సర్వపిండి చేసి పెడుతుంది, తలకు నూనె రాస్తుంది, పాత ముచ్చట్లన్నీ చెప్పుకుంటాం. కానీ ఆ రోజు టీవీలో నన్ను చూసిన తర్వాత మా అక్క నన్ను ఏదీ అడగలేదు.