అక్క గొంతున్న ఫైళ్లు

ఈ ఉదయం ఆఫీసులో ఒక ఫోల్డరులోని ఫోటోలన్నిటికీ ఒకేసారి పేర్లు మార్చాల్సి వచ్చింది. పేరు మార్చే కమాండు ముందు నా వేళ్లు వాటంతట అవే 'ఎకో' అని కొట్టాయి. అలా కొడితే కంప్యూటరు పని చెయ్యదు, ఏం చెయ్యబోతోందో తెర మీద చెప్పి ఊరుకుంటుంది. ఈ అలవాటు మా బావ చేసింది. ఇక ఆ పూట పని సాగితే ఒట్టు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు లేవకముందు నుంచీ, ఒక మేడ మీది గదిలో బావ షెల్ స్క్రిప్టులు, అంటే కంప్యూటరుకు పనులు వరసగా పురమాయించే కమాండ్లు రాయడం, నేర్పేవాడు. కింద బజ్జీల బండి. ఆ వాసనకు పిల్లల కడుపులు గోల పెడుతున్నా ఆయన పాఠం ఒకటే: "ముందు చెప్పించండి, తర్వాతే చేయించండి." కోస్తా మనిషి, నిదానస్తుడు. మా అక్క తుర్కయంజాల్‌లో పుట్టి పెరిగింది, నోరు ఊరుకోదు. ఆయన పాఠం ఆయనకే అప్పజెప్పేది. అల్మాస్‌గూడ ఇంట్లోంచి ఆయన సంచి పట్టుకుని ఎల్బీ నగర్ బయల్దేరితే గుమ్మంలో అడ్డం నిలబడి, "ఏమేం తెస్తవో జర చెప్పి పో" అనేది. బుద్ధిగా చెప్పేవాడు. ఏదో ఒకటి మరిచిపోయి తీరేవాడు, అది వేరే సంగతి. అక్కకు ఫోన్లో టైపు చెయ్యడమంటే విసుగు. దారిలో ఉన్న మొగుడికి అన్నీ వాయిస్ మెసేజులే.

అక్క జబ్బు చేసి పోయాక ఆయనకు మిగిలింది ఆ గొంతే. తన ఫోను తెర మినుకుమినుకుమంటుంటే భయపడి మెసేజులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ వెంటనే ఫోను పూర్తిగా చచ్చింది. ఫైళ్లకేమో పొంతనలేని అంకెల పేర్లు. తేదీలే పేర్లుగా పెడితే వరసగా వినొచ్చని స్క్రిప్టు రాశాడు. దీపం కిందే చీకటంటారు. ఊరందరికీ చెప్పినవాడు ఆ ఒక్కరోజు ముందు చెప్పించకుండానే చేయించాడు. ఆమె మాట వినాలన్న తొందర, ఇంకేం కాదు.

నేను వెళ్లేసరికి ఫోల్డరులో ఒకే ఒక్క ఫైలుంది. ఉత్త ఫైళ్లు కొన్ని వేరే చోట పెట్టి, ఒక్కో వాక్యం ఏం చేస్తోందో తెర మీద కనిపించేలా అదే స్క్రిప్టును మళ్లీ నడిపాను. కంప్యూటరులోకి ఎక్కించిన రోజే అన్నిటికీ తేదీ అయి కూర్చుంది. అన్నిటికీ ఒకటే పేరు. ఒక్కొక్కటీ వచ్చి ముందున్నదాన్ని చెరిపి దాని చోట చేరింది. "మైనస్ ఎన్ ఒక్కటి పెట్టుంటే ఆగిపోయేది కదరా," అన్నాడు బావ. ఉన్న ఫైలును చెరపనివ్వని గుర్తు అది. పిల్లలకు మొదట్లోనే నేర్పేవాడు. పోయిన ఫైళ్లు వెతికిపెట్టే దుకాణాల చుట్టూ కూడా తిరిగాం, లాభం లేకపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆయనకు అదీ రాలేదు.

మిగిలిన ఆ ఒక్కటీ పెట్టాడు. వెనకాల కుక్కరు కూత. "ఏంది, చెప్పకుండనే పోయినవ్? కొత్తిమీర మరిచిపోకు. జల్ది రా." అంతే, అయిపోయింది.

ఇప్పటికీ బావ బయల్దేరేముందు సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏమేం తెస్తాడో పైకి చెప్తాడు. అడ్డం తప్పుకుని "సరే, పో" అనే మనిషి లేదు. అయినా కాసేపు ఆగి, అప్పుడు కదులుతాడు. కాలం మాత్రం ఏనాడూ, ఎవరికీ, ముందు చెప్పి చెయ్యదు.