ఇమామ్ జామిన్

డెబ్బైల నాటి మాట. సైకిల్ రేసు ముందు సాధనకని ఫలక్‌నుమా గుట్ట మీది నుంచి రాళ్లబాటలో ఒక్కణ్ణే దిగుతూ బోర్లా పడ్డాను. ఎడమ చెయ్యి వాచిపోయింది. సైకిల్‌ని పాన్‌డబ్బా దగ్గర వదిలి, దవాఖానకని బస్సెక్కాను. నిలబడలేక ఆడవాళ్ల సీటు చివర కూలబడితే, బురఖాలో ఉన్న పెద్దావిడ లేవమనలేదు. తన రేకుపెట్టెను పక్కకు లాక్కుని జరిగింది.

"ఏమైంది బేటా?"

"సైకిల్ మీదికెల్లి పడ్డ అమ్మా. ఎల్లుండి రేసుండె."

ఆమె తన దండచేతికున్న ఆకుపచ్చ గుడ్డ విప్పింది. ఊరు ప్రయాణమయ్యేవాళ్లు క్షేమంగా చేరాలని ఇంట్లోవాళ్లు నాణెం మూటగట్టి కట్టే ఇమామ్ జామిన్ అది. పాతబస్తీలో పుట్టినవాణ్ణి, నాకు తెలుసు.

"వద్దమ్మా, ఊరికి పోయేది నువ్వు గద!"

"నేను రైల్ల కూసొని పోత. కిందపడేటోనివి నువ్వు" అని నవ్వి, నా కుడిచేతికి ముడేసింది. "మంచిగ చేరినంక అండ్లున్న పైస గరీబోళ్లకియ్యి. ఫికర్ చెయ్యకు."

ఆ ఏడు రేసు నేను లేకుండానే జరిగిపోయింది. మరుసటి ఏడు ఆ గుడ్డ కట్టుకునే తొక్కాను. చాలామంది వెనకే అయినా, చివరిదాకా చేరాను. నాణేన్ని గౌలిపురలో ఒక ముసలాయన చేతిలో పెట్టాను.

ఉత్త చేతితో రైలెక్కిన ఆమె క్షేమంగా చేరిందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ ఎక్కడికి బయల్దేరినా, ఆమె చేరే ఉంటుందని ఒకసారి అనుకున్నాకే గడప దాటుతాను.