ఓడినవాళ్ళను లోపలికి పిలిచిన టీచర్

నేల మీద సున్నంతో గీత గీస్తున్నప్పుడు లేచే ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు రూతు టీచర్ గుర్తుకొస్తుంది. సైదాబాద్‌లో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పే నాకు అది రోజూ తగిలే వాసనే. ఆమె మాకు చెప్పింది మాత్రం సాంఘికశాస్త్రం. దబీర్‌పురా నుంచి గౌలిపురలోని మా బడికి నడిచి వచ్చేది. మనిషి కంటే ముందు గొంతు వచ్చేది.

తొమ్మిదో తరగతిలో మొదటి ప్రపంచ యుద్ధం పాఠం. ముందురోజే ఎ సెక్షన్ వాళ్ళు మా బి సెక్షన్‌ను కబడ్డీలో చిత్తుగా ఓడించారు. ఓడిన జట్టుకు కెప్టెన్ని నేనే. టీచర్ రెండు సెక్షన్లనూ ఒకచోట చేర్చి, "గెలిచినోళ్లు లోపల కూసొని షరతులు రాయుండ్రి. ఓడినోళ్లు బయటికి నడువుండ్రి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు అవతల ఒకటే నవ్వులు.

కాసేపటికి మమ్మల్ని పిలిచారు. ఎ సెక్షన్ కెప్టెన్ స్వరూప షరతులు చదివింది. ఏడాదంతా మైదానం వాళ్ళదే. మేము గీతలు గీయాలి, నీళ్ళు మోయాలి, ఆటలో అయిన లొల్లంతా మా తప్పేనని ఒప్పుకోవాలి.

"సంతకం పెట్టు" అంది టీచర్ నాతో.

"ఎందుకు పెడత టీచర్? మమ్మల్ని ఒక్క మాటన్న అడిగిన్రా?"

"జర్మనీ వాళ్లను గూడ ఎదురుగ కూసోబెట్టుకొని అడగలే. షరతులు రాసినంకనే పిలిచిన్రు. పెట్టకుంటె మళ్ల యుద్ధమే అన్నరు. పెట్టిన్రు. ఆ మంట మాత్రం ఆరలే, ఇంకో యుద్ధం దాకా పోయింది."

పళ్ళు కొరుక్కుంటూ సంతకం పెట్టాను. పాఠమే కదా అనుకునే రకం కాదు మేము. నీళ్ళు నిజంగానే మోశాం. అంతలో జోనల్ పోటీల కబురొచ్చింది. బడి మొత్తానికి ఒకటే జట్టు, కెప్టెన్ స్వరూప. కూతకు పోవడంలో నన్ను మించినది బడిలోనే లేదు, బడాయి అనుకుంటే అనుకోండి. ఆ పోటీలో ఆడాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. అయినా స్వరూప పిలవడానికొస్తే, "నీళ్లు మోసేదాన్ని, నాకు కబడ్డీ ఏం తెలుసు?" అన్నాను.

సంగతి టీచర్‌దాకా పోయింది. ఇద్దరినీ మైదానానికి తీసుకొచ్చి స్వరూపను అడిగింది.

"మీ ఆటల ఔటయినోళ్లు ఏమయితరే?"

"బయట కూసుంటరు టీచర్. మాకు పాయింటొస్తె బతికి లోపలికొస్తరు."

"మరి నీ షరతులల్ల బతికి వచ్చే తొవ్వ యాడున్నది?"

టీచర్ నా వైపు తిరిగింది. "నీకు మంట ఓడినందుకు కాదు పిల్లా, అడగనందుకు. ఇప్పుడు అడుగుతున్నం. ఏం కావాలె?"

"ఓడిన మాట నిజమే, ఒప్పుకుంట. మైదానం ఇద్దరిది. గీతలు అందరం గీద్దం."

"గింతేనా? కెప్టెన్‌గిరి అడుగుతవనుకున్న!" అని స్వరూప నవ్వేసింది.

జోనల్ ఫైనల్లో మా వాళ్ళంతా ఔట్, మిగిలింది నేనొక్కదాన్నే. కూతకు పోయి ఇద్దరిని తాకి గీత మీద పడ్డాను. బయట కూర్చున్న స్వరూప "బతికిన!" అని అరుస్తూ లోపలికి ఉరికొచ్చింది. తర్వాతి కూతతో ఆమె మమ్మల్ని గెలిపించింది. కప్పును చెరో చెవీ పట్టుకుని మరఫా డప్పుల మోతల్లో గౌలిపుర గల్లీలన్నీ తిరిగాం. అందరికంటే ముందు రూతు టీచర్, చెప్పులు చేత పట్టుకుని తీన్‌మార్ ఆడుతూ. అంత ఆనందం నాకు మళ్ళీ దొరకలేదు.

రూతు టీచర్ ఇప్పుడు లేదు. నిన్న మా పిల్లలు గెలిచి ఎగురుతుంటే ఆపి, "పోయి అవతలి కెప్టెన్‌ను పిలుచుకరాండ్రి. ఆట గురించి ముందు ఆమె మాట్లాడాలె" అన్నాను.

"గెలిచింది మేమైతె వాళ్లనెందుకు పిలవాలె మేడమ్?"

"గెలిచినోళ్లే పిలవాలె బిడ్డా. ఓడినోళ్లు తలుపు అవతల ఉంటరు."