సారుకు చెప్పని పాఠం

పోయిన మంగళవారం పొద్దున సిద్దిపేట నుంచి కబురొచ్చింది. జూనియర్ కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన సారు ఇక లేరు. హైదరాబాద్‌లో ల్యాబ్‌కు బయలుదేరుతున్నదాన్ని వేసుకున్న చెప్పులు గుమ్మంలోనే విప్పేశాను.

సారు చిన్నకోడూరు నుంచి బండి మీద వచ్చేవారు. లోలకం ప్రయోగంలో నేను ఒక్కసారి కొలిచి, అదే అంకె పది గళ్లలో నింపాను. చూసి నవ్వారు. "పదిసార్లు ఒక్క తీరుగనే వచ్చిందా? అది కొలత గాదు బిడ్డా, కాపీ. తేడా వచ్చింది గూడ రాయి. ఎందుకొచ్చిందో గదే చెప్తది." రికార్డులో అంకెలు చెరిపితే ఆయనకు ఒళ్లు మండేది. ప్రయోగం మళ్లీ మొదటినుంచి చేయించేవారు. తిట్టుకుంటూ చేసేవాళ్లం.

తేడా కూడా రాయమన్న ఆ మాటే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. పరమాణువుల సాయంతో అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని కొలవడం నా పని. చుట్టూ ఉండే అలజడి ఆ కొలతను చెడగొడుతుంది. దాన్ని చెరిపేయలేం, దాన్ని కూడా అంచనా కట్టాలి. సారు వింటే ఎంత మురిసిపోయేవారో.

అడిగారు కూడా. రిటైరయ్యాక ఒక ఆదివారం ఫోన్ చేసి, "నువ్వు చేసే క్వాంటం పనేందో జెర తెలుగుల చెప్పు" అన్నారు. "అది చాలా కష్టం సార్, మీకు అర్థం కాదు" అనేశాను. కళ్లు నెత్తికెక్కి ఉన్నాయి మరి. "సరే బిడ్డా, తీరినప్పుడే చెప్పు" అన్నారు. రెండేళ్లు నాకు తీరలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మూడోరోజు వాళ్లింటికి వెళ్లాను. సారు భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "సారుకు చెప్తనన్నవట గదా. నాకన్న చెప్పు బిడ్డా."

నేనలా అననే లేదు, సారే ఆమెకు అలా చెప్పుకున్నట్టున్నారు. తప్పించుకునే దారి లేదు. "బంగారం దుకాణంల తూకం ఏసేముందు ఫ్యాన్ బంద్ చేస్తరు గద అమ్మా? తరాజు ఎంత నాజూకుదైతే గాలికి అంత ఊగుతది. నాది శాన నాజూకు తరాజు. గా ఫ్యాన్ బంద్ చేసుడు నాతోటి గాదు. గందుకే గాలి ఎంత ఊపుతుందో గూడ లెక్కగట్టి, అప్పుడు బరువు చెప్పాలె."

"గింతేనా?" అన్నది.

"ఇంతే అమ్మా."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఐతారం ఐతారం ఫోన్ ముందర వెట్టుకొని కూసుంటుండె. మీరే చెయ్యుండ్రి అంటే, వద్దు, పిల్లకు తీరినప్పుడు తనే చేస్తదంటుండె."

సారు ఫోన్ కిటికీలో ఉంది. అమ్మ దాన్ని ఇంకా ఛార్జర్ నుంచి తీయలేదు.