తప్పుల పాటల నబీ రసూల్

పరుపులు కుట్టే నబీ రసూల్ మామకు ఒక్కటే జబ్బు. బెళుగుప్పలో ఎవరికి ఏ నష్టం జరిగినా దానిమీద పాట కట్టి వీధిలో పాడతాడు. అదీ తప్పులతో! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నా పెళ్లి ఊరేగింపులో ట్రాక్టర్ ఆగిపోయింది. తెల్లారేసరికి పాట తయారు. అందులో ట్రాక్టర్ కాస్తా గాడిద అయింది.

“అది ట్రాక్టర్ మామా!” అని అరిచాను.

“గాడిదైతే ఇల్లు చేరుండేది గదప్పా,” అన్నాడు తొణక్కుండా.

అనంతపురంలో ఏదో సభకు పిలిచిన పెద్దమనిషి, “కాస్త మంచి తెలుగులో రాయకూడదా?” అన్నాడట. “రాస్తా సార్. ముందు మా ఊరి బోర్లకు ఆ తెలుగు నేర్పిచ్చండి,” అని కండువా దులుపుకుని వచ్చేశాడు. పొగరు కూడానూ!

మొన్న లింగప్ప బోరు వేయించాడు. నీటి జాడ కోసం అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది నిక్కి నిలబడిన చోట బోరు లారీ పెట్టించాడు. దుమ్ము తప్ప చుక్క నీరు పడలేదు. ఇంటికొచ్చి గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. ఆయన భార్య తిరుపాలమ్మ ఏడుస్తూ మా ఇంటికొచ్చింది.

“నాకు భయమైతాండాదన్నా. నువ్వన్నా వచ్చి మాట్లాడిచ్చు.”

నేనూ ఇంకో నలుగురూ తలుపు ముందు కూర్చుని ఎంతో ఓదార్చాం. లోపల ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడొచ్చాడు మహానుభావుడు. రావడం రావడమే గొంతెత్తాడు:

“అత్త సూపిన జాగాలో లింగప్ప బోరేసె,
నీళ్లడిగితే నేలతల్లి నెత్తిన దుమ్ము పోసె!”

నాకు కోపం నషాళానికంటింది. చొక్కా పట్టుకున్నాను.

“సిగ్గుందా నీకు? మనిషి అట్ల పడుంటే ఎగతాళా?”

ఆయన ఇంకా గట్టిగా పాడాడు. ధడేల్న తలుపు తెరుచుకుంది.

“ఎవురు సెప్పినారు నీకు?” లింగప్ప గడప దాటి ఊగిపోతున్నాడు. “మా అత్త సూపిచ్చిందా? ఆయమ్మ మా చేని గట్టు గూడా తొక్కలేదు! టెంకాయ నా చేతిలో నిలబడింది!”

“అట్లనా? యేపచెట్టు కాడనే గదా ఏసింది?”

“ఆడ యేపచెట్టు యాడుండాది, నీ మొగం!”

“అయితే పాటంతా మార్చాల. తిరుపాలమ్మా, సంగటి పెట్టు. ఈయప్పకు గూడా పెట్టు, తప్పులు సెప్పల్ల గదా.”

లింగప్ప తిడుతూ తిడుతూనే ముద్ద మింగాడు. తిరుపాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని రెండో ముద్ద వేసింది.

చేతులు కడుక్కునే చోట మామను పట్టుకున్నాను. “టెంకాయ సంగతి నీకు తెలీదా?”

“తెలీకేమప్పా? ఆ టెంకాయ ఇచ్చింది నేనే. అయ్యో పాపమంటే ఎవురు బయటికొస్తారు?”



అయినా నా కోపం తగ్గలేదు. నిన్న వచ్చిన కొత్త పాటలో, మామ చొక్కా పట్టుకున్నది తిరుపాలమ్మట, నేనేమో గోడ వెనక దాక్కున్నానట! ఆ పచ్చి అబద్ధాన్ని వీధి వీధీ తిరిగి పాడుతున్నది ఎవరనుకున్నారు? లింగప్ప!