చిన్నబాపు తాగలే

మా చిన్నబాపు పోయిండు. పొద్దున్నే ఆయన బిడ్డ, నాకు చెల్లె, ఫోన్ చేసింది. కరీంనగర్‌ల నేనుండే గదిల అప్పుడే స్టవ్ మీద చాయ పెట్టిన. "అక్కా, బాపు లేస్తలేడు," అన్నది. ఆ తర్వాత ఏడుపు తప్ప ఇంకేం వినరాలే. నిద్రల గుండె ఆగిందని డాక్టర్ చెప్పిండట. చాయ పొంగి స్టవ్ ఆరిపోయిన సంగతి గూడ నేను చూసుకోలే.

దినాలకు వచ్చినోళ్లల్ల ఒక పెద్దమనిషి నా పక్కన నిలవడి, "మంచోడే గని, మళ్ల తాగుడు మొదలువెట్టి ఒళ్లు పాడుచేసుకున్నడు," అన్నడు. కాదని నేను చెప్పేలోపే వేరేటోళ్లతోని ముచ్చట్ల పడ్డడు. ఆనాటి నుంచి నాకు కుదురు లేదు. బువ్వ ముంగట కూసున్నా, కాలేజీల పాఠం చెప్తున్నా అదే మాట చెవుల తిరుగుతది. అందుకే ఇది రాస్తున్న.

చిన్నబాపు అంటే మా బాపుకు తమ్ముడు. మరమగ్గాల మీద పని. మా దిక్కు వాటిని సాంచాలంటరు. ఒక్క తీరుగ కూసునుడు ఆయనకు రాదు. బువ్వ గూడ నిలవడే తినేది. బస్సు కోసం ఆగితే జరసేపటికే, "ముందటి స్టేజీకాడ ఎక్కుదాం పా," అని నడుసుడు మొదలువెట్టెటోడు. మేం సగం దూరం పోకముందే బస్సు మమ్ముల దాటిపోయేది. సాంచాల నడుమ గూడ అంతే, పొద్దంత తిరుగుతనే ఉండేది, మెడ వంచి తెగిన పోగు వెతుకుడు, ముడేసుడు. "తెగిన పోగును తిట్టద్దు బిడ్డా, అతుకాలె," అనేటోడు.

వయసుల ఉన్నప్పుడు కల్లు బాగనే తాగిండు, అది అబద్ధం కాదు. ఒకనాడు చెల్లె, అప్పుడు చిన్నపిల్ల, బువ్వకు పిలుస్తందుకు కల్లు మండువకు పోయి, ఆయన లేచేదాక పక్కనే కూసున్నదట. బిడ్డను సంకనేసుకొని ఇంటికొచ్చిండు. మళ్ల అటు పోలే. ఒట్టు పెట్టుకోలే, మాల వేసుకోలే. ఊకనే మానేసిండు. చిన్నమ్మకు మాత్రం ఏండ్లు గడిచినా లోపల ఒక భయం ఉండిపోయింది.

ఆ భయం నిజమైనట్టే కనవడ్డది తర్వాత. ముందుగాల చేతులు. అంగీ గుండీలు పెట్టుకోరాకపాయె. ముడేసే పోగు వేళ్ల సందుల నుంచి జారిపాయె. బువ్వ ముద్ద నోటిదాక రాకముందే కింద పడేది. తర్వాత కాళ్లు. "దూది మీద నడిచినట్టున్నదే," అన్నడు చిన్నమ్మతోని. కాలి చెప్పు ఎక్కడ ఊడిపోయిందో తెల్వకుంటనే ఇంటికొచ్చేటోడు. పొద్దుగూకినంక గల్లీల నడుస్తే అటోసారి ఇటోసారి తూలేది. మూత్రానికి ఆగలేక నడుమల పని ఇడిసి ఉరికేది.

చూసేటోళ్లకు ఇంకేమనిపిస్తది? సేటు వారం దినాలు చూసి, బట్ట ఖరాబైతుందని పనిల నుంచి తీసేసిండు. చిన్నమ్మ రోజూ, "ఏదీ, నోరు చూపియ్యి," అనేది. వాసన రాకుంటే, వాసన రానిదేదో తాగుతుండని అనుమానం. ఒకనాడు గల్లీ మూలమీద మురికినీళ్ల మోరిల పడ్డడు. అక్కడున్నోళ్లు నవ్వుకుంటనే లేపిండ్రు. తెల్లారి చిన్నమ్మ చెల్లెను తీసుకొని ఆసిఫాబాద్‌ల తల్లిగారింటికి పోయింది.

చిన్నబాపు నాకు ఫోన్ చేసిండు. "బిడ్డా, నేను తాగకుంటనే తూలుతున్న. గిదెక్కడి కథ? ఎవ్వరికి చెప్పినా నమ్ముతలేరు. ఒక్కోసారి నాకే నా మీద నమ్మకం ఉంటలేదు."

"కరీంనగర్ రా చిన్నబాపు, చూపిద్దాం," అన్న.

అప్పటికే ఊర్ల చూపించుకున్నడు. షుగర్ అన్నరు, పరీక్షల షుగర్ లేదు. నరాల బలహీనత అన్నరు, సూదులిచ్చిండ్రు. ఎవరో చెప్తే అరికాళ్లకు నూనె రుద్దుకున్నడు. కరీంనగర్‌ల నేను తీస్కపోయిన డాక్టర్ వయసుల చిన్నోడు. అన్నీ విని, "మెడ నొస్తదా?" అని అడిగిండు.

చిన్నబాపుకు చిరాకొచ్చింది. "మెడకేం కాలే సారూ. జర పట్టేసినట్టుంటది, అది మా సాంచాలోళ్లందరికి ఉండేదే. నా బాధ కాళ్లు, చేతులు."

"తల కిందికి వంచితే ఏమన్నా అయితదా?"

"కరెంటు కొడ్తది. మెడ నుంచి నడుందాక జుమ్మంటది. సాంచకే ఎర్తు అయిందనుకున్న. సేటుకు గూడ చెప్పిన, వైరు చూపియ్యమని."

డాక్టర్ రాసుడు ఆపిండు. మోకాలు కింద చిన్న సుత్తెతోని కొట్టిండు. కాలు ఎంత జోరుగ ఎగిరిందంటే చిన్నబాపు తన కాలును తనే వింతగ చూసిండు. ఎమ్మారై తీసినంక ఆ డాక్టర్ మాకు నిమ్మళంగ చెప్పిండు. మెదడు నుంచి కాళ్లకు చేతులకు పోయే నరాలన్నీ ఒక తాడు లెక్క మెడ ఎముకల నడుమ నుంచే దిగుతయట. అక్కడ అది నొక్కుకుపోతే మెడ నొయ్యకపోవచ్చు. చేతులల్ల, నడకల, మూత్రంల తెలుస్తదట. అచ్చం తాగినోడి నడక లెక్కనే ఉంటదట. ఆపరేషన్ చెయ్యాలె, ఆనాడే దవాఖానల చేరాలన్నడు.

ఆపరేషన్ ముచ్చట అడుగుతడేమో అనుకున్న. అడగలే. సెల్లు తీసి డాక్టర్ ముంగట పెట్టి, "సారూ, గీ ముక్క మా ఇంటామెకు జర చెప్తరా?" అన్నడు.

డాక్టర్ నా దిక్కు చూసిండు. బయట పేషెంట్లు నిలవడి ఉన్నరు. అయినా ఫోన్ తీసుకొని, "అమ్మా, మీ ఆయన తాగలేదమ్మా," అని మొదలువెట్టిండు. చిన్నమ్మ ఏమన్నదో నాకు వినరాలే. "ఈ రోగం మొదలై ఏడాది పైననే అయి ఉండొచ్చు," అన్నడు డాక్టర్.

తెల్లారి చిన్నమ్మ బస్సు దిగి సీదా దవాఖానకు వచ్చింది. మాఫీ అడగలే, ఏడ్వలే. చిన్నబాపు మంచం మీద అంగీ గుండీలతోని కుస్తీ పడుతున్నడు. ఆమె సంచి కింద పెట్టి, ఆయన చేతులు పక్కకు జరిపి, పై గుండీ నుంచి కిందిదాక తనే పెట్టింది. ఆయన గదవ పైకెత్తి, చిన్నపిల్లగాని తీరు కదలకుండ కూసున్నడు. ఆయన అంతసేపు కదలకుండ ఉండుడు నేను చూసింది ఆనాడే.

ఆపరేషన్ అయింది. "పోయినదంతా తిరిగి రాదు, పోతున్నదాన్ని ఆపుతం," అని ముందే చెప్పిండ్రు. అట్లనే అయింది. పడుడు ఆగింది, వేళ్లకు పోగు మాత్రం మళ్ల అందలే. సాంచాల పని పోయింది. ఇంట్ల కూసోలేక మెడకు పట్టీతోని గల్లీల తిరిగెటోడు. ఎవరికన్న చేతులు తిమ్మిరంటే చాలు, "మెడ చూపించుకున్నవా?" అని ఎంటవడేది. చానమందికి షుగరే ఉండె. ఆయనను చూసి పక్క సందులకు మళ్లిపోయేటోళ్లు గూడ ఉన్నరు. చాయ హోటల్ ఆమెకు మాత్రం అరికాళ్ల మంట నిజంగనే నడుముల ఉన్న నరం నుంచి వచ్చిందని తేలింది. ఆనాడు చిన్నబాపు ఇంటికొచ్చి, "నొప్పి ఒకకాడ, రోగం ఒకకాడ. మనిషిని జర ఆగి చూడాలె బిడ్డా," అన్నడు. ఆగుడు తెల్వని మనిషి ఆ మాట అంటే చిన్నమ్మ నవ్వింది.

మొన్న దినాలు అయిపోయి కరీంనగర్ బస్టాండ్ల దిగిన. ఒకాయన కాళ్లు ఎడం పెట్టుకొని తూలుకుంట వస్తుండు. జనం పక్కకు జరుగుతున్నరు. నా కాళ్లు వాటంతటవే అటు పోయినయి. పోయి జబ్బ పట్టుకున్న. ఆయన నోట్ల నుంచి కల్లు వాసన గుప్పుమన్నది. చెయ్యి విడువలే. బెంచి మీద కూసోబెట్టి, పక్కన నేను గూడ కూసున్న. ఆయన తల వాల్చి నిద్రవోయిండు. ఆటోలు వస్తున్నయి, పోతున్నయి. చిన్నబాపుకు ముందుగాల వశం తప్పినయి వేళ్లే. నేను ఈయన వేళ్ల దిక్కే చూసుకుంట చానసేపు అట్లనే ఉన్న.